తవ్వేకొద్దీ తుంగ

హైదరాబాదు శాలిబండ పాత ఇళ్ళలో వాకిలి ఇంకా మిగిలి ఉంటే, అందులో జామచెట్టు ఉన్నా లేకపోయినా తుంగ మాత్రం ఉంటుంది. తొలకరి పడిన వారానికే షాబాదు బండల సందుల్లోంచి నిగనిగలాడే మొనలు లేస్తాయి. పీకితే ఆకు చేతికొస్తుంది. నాలుగు రోజులు తిరక్కుండా అక్కడే ఇంకోటి.

అందరూ గడ్డి అంటారు గానీ తుంగది గడ్డి కులం కాదు. పూకాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. గరిక కాడైతే గుండ్రంగా దొర్లిపోతుంది, దీనికి మూడు పలకలు తగులుతాయి. కొసన ఎర్రగోధుమ రంగు కంకులు. విత్తనాలు కడుతుంది కానీ వాటిలో మొలిచేవి బహు తక్కువ. అసలు కాపురమంతా నేల కింద. జానెడు లోతు లోపలే గోలీకాయంత నల్లటి గడ్డ ఉంటుంది, కొరికితే లోపల తెల్లగా, చేదుగా, ఘాటైన వాసనతో. దాన్నుంచి సన్న తీగలాంటి వేరు, దానికి ఇంకో గడ్డ, మళ్ళీ వేరు, మళ్ళీ గడ్డ. ఈ వరసలో కొసన మొలిచిన గడ్డ మిగతావాటిని లేవనివ్వదు. పార తగిలి వరస తెగిందా, అంతవరకూ నిద్రపోతున్నవన్నీ లేచి కూర్చుంటాయి. ఒక్కసారి తవ్వి ఊరుకున్న వాకిట్లో తుంగ ఒత్తుగా పెరిగేది ఇందుకే.

ఇంత మొండి మొక్కను మనిషి మొదట తిండిగా చూశాడు. ఈజిప్టులోని వాడీ కుబ్బానియాలో సుమారు 18 వేల ఏళ్ళ కిందటి పొయ్యిల దగ్గర మాడిన తుంగగడ్డలు దొరికాయి. సూడాన్‌లోని అల్ ఖిదాయ్ శ్మశానంలో పూర్వీకుల పళ్ళ గారను పరీక్షించి, అక్కడివాళ్ళు వేల ఏళ్ళపాటు తుంగగడ్డలు తిన్నారని 2014లో పరిశోధకులు తేల్చారు. వాళ్ళ పళ్ళు పెద్దగా పుచ్చకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చన్నారు, పళ్ళను పుచ్చబెట్టే సూక్ష్మజీవిని తుంగ అణచగలదు గనక. మన దగ్గర దీన్ని అడవిపందులు ఇష్టంగా తవ్వుకుంటాయని కాళిదాసుకూ తెలుసు. శాకుంతలంలో దుష్యంతుడు వేట మానిన రోజున వాటికి ఆ భాగ్యం దక్కుతుంది.

తర్వాత మందయింది. చరకుడు తుంగను, అంటే ముస్తను, ఆకలి పుట్టించి, అరిగించి, విరేచనం కట్టించే మందుల్లో మేటిగా లెక్కగట్టాడు. జ్వరానికిచ్చే షడంగపానీయంలో ఆరింట ఒకటి ఇదే. యూనానీ హకీములకు ఇది సాద్ కూఫీ. అంటే శాలిబండ నుంచి చార్మినార్ దాకా నడిస్తే, ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టిన యూనానీ దవాఖానాలో పనికొచ్చే సరుకును వాకిట్లో పీకి పారేసి వచ్చినట్టు. ఆ పక్కనే అత్తరు దుకాణాల్లో శమామా అడగండి. అందులో పడే నాగర్‌మోథా తుంగకు దగ్గరి చుట్టం. తెలుగిళ్ళ సున్నిపిండిలో కచ్చూరాలు, బావంచాలతోపాటు తుంగముస్తలు పడాల్సిందే. కావాలని కొనుక్కునేవాళ్ళకు డబ్బులకు దొరుకుతుంది, వద్దనుకున్నవాళ్ళకు ఊరికే.

శత్రువుగా రికార్డుకెక్కింది సేద్యంలోనే. 1925లో రానడే, బర్న్స్ అనే పరిశోధకులు దీని నిర్మూలనపైనే ఒక పెద్ద పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటికే ఆసియా, ఆఫ్రికాల నుంచి అమెరికా పత్తి చేలకు చేరి అక్కడ కొత్త కాపురం పెట్టింది. అలబామాలో స్మిత్, మేటన్ 1938లో చూపించింది చాలా సాదా సంగతి: మూడు వారాలకోసారి వదలకుండా దున్నితే రెండు పంటకాలాల్లో తుంగ చస్తుంది. మొలిచిన ఆకు కొత్త గడ్డకు తిండి పంపేలోపే తెంపడం, పాత గడ్డలో నిల్వ అయిపోయేదాకా తెంపుతూనే ఉండడం. లెరాయ్ హోల్మ్ బృందం 1977లో ప్రపంచపు కలుపు మొక్కల లెక్క తీస్తే 92 దేశాల్లో, 52 పంటల్లో కనబడి మొదటి స్థానం దీనికే దక్కింది.

వాకిట్లోకి ఇది గాలికి రాదు. ఇల్లు బాగుచేసేటప్పుడు తోలించిన ఎర్రమట్టితో, నర్సరీ కుండీతో, సరిగా మాగని ఎరువుతో వస్తుంది. వచ్చాక జనం మొదట చేసేది నల్ల ప్లాస్టిక్ పట్టా పరచడం. పల్చటి పట్టాను తుంగ మొన సూదిలా పొడుచుకొస్తుంది. ఎండాకాలంలో పారదర్శకమైన పట్టా నేలకు ఆనించి కప్పితే నయం. కింద వెలుతురు తగిలి ఆకు విచ్చుకుంటుంది, విచ్చుకున్న ఆకుకు పొడిచే బలం ఉండదు. ఇక మందులు. 2,4-డి పైఆకును మాడ్చి గడ్డను వదిలేస్తుంది. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. చెరకు, మొక్కజొన్న చేలలో వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ గడ్డ దాకా దిగుతుంది కానీ, మల్లెపాదూ బచ్చలితీగా ఉన్న జాగాలో దాన్ని చల్లమని నేను చెప్పను.

నా ఓటు ఎండకే. రోళ్ళు పగిలే రోహిణి కార్తెకు ముందే, నేల పొడిగా ఉన్నప్పుడు జానెడున్నర లోతు తవ్వి మట్టిని బోర్లించాలి. గడ్డలు ఏరి డాబా మీద ఆరబోయాలి, నీడలో కుప్ప పోస్తే చావవు. తడి పూర్తిగా ఇంకి గడ్డ గట్టిపడి గలగలమంటే దాని పని అయినట్టే. అయినా మృగశిర చినుకులకు కొన్ని మొలుస్తాయి. వాటిని మూడు ఆకులు వేసేలోపు గడ్డతో సహా పెకలించాలి, రెండో ఏడాదీ ఇదే వరస. తుంగకు నీడ సరిపడదు గనక ఖాళీ అయిన చోట చిలగడదుంప తీగ పాకించండి. గోడ అవతల పక్కింటివాళ్ళ తుంగ వేరు మన వైపు రాకుండా, రెండు జానల లోతున కడప బండ నిలువుగా పాతించడం ఖర్చుతో కూడిన పనే, కానీ ఆ సంగతి వాళ్ళతో మాట్లాడి ఇద్దరూ ఒకే ఎండాకాలంలో తవ్వుకుంటే బండ అక్కర్లేదు.