నీటి తెరకు నీరెక్కడిది?

మాదాపూర్ ప్రాంతమున ఈ ఇరువది ముప్పది యేండ్లలో వెలసిన కార్యాలయ భవనముల ముంగిళ్ళయందు ఒక అలంకారము తరచుగా కానవచ్చుచున్నది. నల్లరాతి పలకలు తాపిన నిలువు గోడ, దాని తలపైనుండి పలుచని తెరవలె జారు నీరు, అడుగున ఒక తొట్టి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ గుట్టల నడుమ నగరము విస్తరించినది. ఇప్పుడు గృహస్థులును తమ పెరటితోటలకు ఈ నీటి గోడనే కోరుచున్నారు. ఇది విదేశములనుండి దిగివచ్చిన వేడుక యని పలువురు తలంతురు. అది పొరపాటు. మొగలుల తోటలలో ఇట్టిదానికి ‘చాదర్’ అని పేరు. అనగా దుప్పటి.

జహంగీరు చక్రవర్తి 1619లో శ్రీనగరమున ఆరంభించిన షాలిమార్ తోటయందును, అతని బావమరిది ఆసఫ్ ఖాన్ 1633లో వేయించిన నిషాత్ తోటయందును ఈ చాదరులను నేటికిని చూడవచ్చును. ఒక అంతస్తునుండి మరియొక అంతస్తునకు నీరు దిగు చోట రాతిపలకను వాలుగా నిలిపి, దానిపై చేపపొలుసుల వంటి గంట్లు చెక్కిరి. నున్నని రాతిపై పలుచగా జారు నీరు కంటికి ఆనదు. గంట్లకు తగిలినప్పుడు చెదరి, తెల్లని నురుగై, ఎండలో తళుకులీనును. షాలిమారులో జలపాతము వెనుకనున్న గోడలో వరుసగా చిన్నచిన్న గూళ్ళు కలవు. వీనిని చీనీఖానా అందురు. పగలు పూలను, రాత్రి దీపములను అందుంచెడివారు. నీటితెర వెనుక దీపము! ఇంతకు మించిన ఊహ నేటి శిల్పులకు తోచినట్లు నాకు కనుపింపదు.

అయితే కాశ్మీరమున కొండవాగు తోటకు పైయెత్తున ప్రవహించును. దక్కను పీఠభూమిలో ఆ భాగ్యము లేదు. ఇచ్చట వానకాలపు నీటిని చెరువున పట్టి నిలిపినగాని తోటయే లేదు.

మాదాపూర్‌నకు ఈ విషయమున గొప్ప చరిత్ర యున్నది. మాదాపూర్, జూబిలీ హిల్స్‌ల నడుమ రాతిగుట్టల చాటున దాగియున్న దుర్గము చెరువు, కుతుబ్‌షాహీల కాలమున గోలకొండకు త్రాగునీటి ఆధారము. మట్టి గొట్టముల ద్వారా నీరు కోటకు చేరెడిది. కోటలోపల ఎద్దులు త్రిప్పు చక్రములతో దానిని తొట్టినుండి తొట్టికి ఎక్కించి, గుట్టపైకి కొనిపోయెడివారు. గోలకొండ నయాఖిల్లా తోటలో భారత పురావస్తు శాఖ త్రవ్వకములు జరుపగా కాలువలు, తొట్లు, నీటిచిమ్ముల జాడలు బయల్పడినవి. 17వ శతాబ్దిలో ఈ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే, భాగ్యనగరపు రాజభవనపు మేడలపై తోటలను, అందు పెరిగిన మహావృక్షములను చూచి, అడుగునున్న కమానులు అంత బరువును ఎట్లు మోయుచున్నవో యని విస్తుపోయెను. అంత యెత్తునకు నీరు చేర్చిన పనివారి పేర్లు మాత్రము అతడు వ్రాయలేదు.

1956 వరకు హైదరాబాదు రాజ్యములోనిదైన ఔరంగాబాదులో నీటిగోడకు మన ప్రాంతపు చక్కని ఉదాహరణ యున్నది. అది 18వ శతాబ్ది నాటి పన్‌చక్కి. సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరమందలి ఊటనుండి మట్టి గొట్టములలో వచ్చిన నీరు, ఎత్తైన కట్టడములో తనంతట పైకెక్కి, అక్కడినుండి కోనేటిలోనికి దుమికి పడును. మూసిన గొట్టములోని నీరు తన మూలపు మట్టమును వెదకుకొనును గనుక ఇది సాధ్యమైనది. ఆ నీటివేగమే పిండిమరను త్రిప్పినది. కోనేటి అడుగుభాగమే క్రిందనున్న విశాలమైన మందిరమునకు పైకప్పు. మండువేసవిలో ఆ మందిరము చల్లగా నుండును. ఒకే నీరు మూడు పనులు చేసినది.

నేడు మాదాపూర్‌లో నీటి గోడ కట్టదలచిన వారికి ఎత్తుతో పనిలేదు. విద్యుత్ పంపు కలదు. నీరే లేదు. 2024 వేసవిలో బోరుబావులు ఎండి, ఈ ప్రాంతమువారు టాంకరు నీటికై నిరీక్షించిరి. దాపుననే యున్న దుర్గము చెరువుపై 2020లో తీగల వంతెన ప్రారంభమైనది గాని, గోలకొండ దాహము తీర్చిన ఆ చెరువు మురుగునీరు చేరి చెడిపోయినది. శుద్ధిచేసిన మురుగునీరు చెట్ల పాదులకు చాలును. తుంపరలై గాలిలో కలిసి ఊపిరితో లోనికి పోవు చోట దానిని వాడరాదు. కనుక వాననీరే శరణ్యము. నగరమున ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షము కురియును. నూరు చదరపు మీటర్ల డాబాపై ఇది ఎనుబది వేల లీటర్లు. అందు సగము పట్టి నిలిపినను చిన్న నీటితెరకు పుష్కలము. కుతుబ్‌షాహీ సమాధులచెంత పునరుద్ధరింపబడిన మెట్లబావులు వానను పట్టియే తోటకు నీరిచ్చుచున్నవి. 2022లో వానికి యునెస్కో పురస్కారము లభించినది.

ఇక గోడ మాట. నునుపు పెట్టిన నల్లరాయికంటె గరుకురాయి మేలు; కారణము పైన చెప్పితిని. బోరునీటిలోని సున్నపు పాలు నల్లరాతిపై తెల్లని చారలు కట్టును, వాననీటితో ఆ బాధ తక్కువ. గోడను విడిచి దూకు తెరకంటె రాతిని అంటుకొని జారు తెరకు తక్కువ నీరు చాలును. పడమటిగాలి తగులని మరుగున నిలిపినచో తుంపరల నష్టమును తగ్గును. పంపు ఆగినప్పుడు గోడపైనున్న నీరంతయు ఒక్కమారుగా దిగును గనుక తొట్టిలో అంత చోటు విడువవలెను. గోడ తలపై నీరు పొర్లు రాతి అంచు రసమట్టమునకు సరిగా నుండవలెను. వెంట్రుకవాసి వాలినను తెర ఒక ప్రక్కకు చేరి, రెండవ ప్రక్క రాయి ఎండియుండును. ఆ రాతిని సిమెంటుతో బిగించుటకు పూర్వమే నీరు వదలి చూచుకొన్నచో, సరిచేయుటకు ఒక చిన్న చెక్కముక్క చాలును.