మెట్రిక్యులేషను గుమ్మమే గాని ఇల్లు కాదు

ఊరు విడిచి వచ్చిన మన కుటుంబములకు ఉగాది అనగా వేపపూత పచ్చడి, పంచాంగ శ్రవణము మాత్రమే కాదు. ఊరి కబురు కూడా. పోయిన ఉగాదికి పొదటూరుపేట వెళ్ళినప్పుడు మా బావగారు మమ్ములను ఒక ప్రశ్న అడిగినారు. ఆయన మగ్గముల మీద బ్రతుకుచున్నవారు. పెద్ద కూతురు అప్పుడు పన్నెండవ తరగతి పరీక్షలు వ్రాయుచున్నది. "కాలేజీకి పంపి ఏమి సాధించాల? నువ్వు పది చదివి రైల్వేలో చేరితివి గదా, నీకేమి తక్కువైంది?" అన్నారు. నలుగురి ముందు మాకు జవాబు తోచలేదు. ఈ సంచికకు ఏదైనా వ్రాయుమని సంఘమువారు కోరగా, ఆ జవాబు కొరకు మన సీమ చరిత్రనే తిరుగవేసినాము.

ముందు మా సంగతి చెప్పుకొందుము. పైకి చూచినచో మాకు తక్కువ లేదు. కాని మేము రైల్వేలో చేరినది పది చదివినందుకు కాదు. మా నాయనగారు సర్వీసులో ఉండగానే కాలము చేసినారు. ఇల్లు గడచుటకై ఆ నౌకరి మాకు వచ్చినది. అట్టి దారి ఎవరి పిల్లలకును రాకూడదు. ఈనాడు బయటినుండి వచ్చువారికి జూనియరు గుమాస్తా పనికి పన్నెండవ తరగతి, సీనియరు గుమాస్తా పనికి డిగ్రీ కావలెను. మా చదువుతో మా కుర్చీకే మేము నేడు దరఖాస్తు పెట్టుకొనజాలము.

"పది చాలు" అను మాట మనలోనికి ఎట్లు వచ్చినది? మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడినది. మెట్రిక్యులేషను అనగా విశ్వవిద్యాలయపు పట్టికలో పేరు చేర్చుకొనుట. అది కాలేజీకి ప్రవేశ పరీక్ష. అయితే ఆ పరీక్ష ప్యాసైన వారికి కచేరీలలోను రైల్వేలలోను గుమాస్తా పనులు దొరకుటచేత, క్రమముగా అదే చదువునకు చివర అనుకొన్నారు. గుమ్మము చూచి ఇల్లనుకొన్నట్లైనది. నెలజీతము వచ్చు ఇంట ఆ తలంపు మరింత గట్టిపడినది.

ఆ గుమ్మము దాటినవారు మన తిరుత్తణిలోనే పుట్టినారు. సర్వేపల్లి రాధాకృష్ణ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు ఇంట జన్మించిరి. సర్వేపల్లి నెల్లూరు సీమలోని గ్రామము. పెద్దలు ఆ ఊరు విడిచినను పేరును ఇంటిపేరుగా వెంట తెచ్చుకొన్నారు. అనగా అదియును మనవంటి వలస కుటుంబమే. తండ్రిగారు రెవిన్యూ పనిలో చిన్న ఉద్యోగి. సంపన్న గృహము కాదు. కుమారుని చదువు చాలవరకు స్కాలర్‌షిప్పుల మీదనే సాగినది.

తిరుత్తణి నుండి తిరుపతి లూథరన్ మిషన్ స్కూలు, అచ్చటినుండి వేలూరు వూర్హీస్ కాలేజీ, తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ, ఇదీ ఆ చదువు నడచిన దారి. మేము రైల్వేవారము గనుక లైను ప్రకారము చెప్పెదము. తిరుపతికి ఉత్తరముగా రేణిగుంట వైపు పోవలెను. వేలూరికైనను మద్రాసుకైనను దక్షిణముగా అరక్కోణము చేరి, అక్కడ దారి మారవలెను. మూడును మూడు దిక్కులు. చదువు ఇంటి గడపకు రాలేదు; పిల్లవాడే చదువున్న చోటికి పోయినాడు. మన పెద్దలు కూలి కొరకు ఊరు దాటినారు, ఆయన చదువు కొరకు దాటినారు. బావగారివంటి వారు భయపడునది ఈ దాటుటకే గదా!

కాలేజీలో ఆయనకు దొరకినదేమి? తత్త్వశాస్త్రము ముందుగా ఎంచి పెట్టుకొన్న దారి కాదు. అదే కాలేజీలో చదివిన చుట్టమొకరు తన తత్త్వశాస్త్ర పుస్తకములు ఇచ్చుటచేత, కొను ఖర్చు లేదుగదా యని ఆ పాఠమే పట్టినారని చెప్పుదురు. చేతికి వచ్చిన పాత పుస్తకములు అట్లు దారి చూపినవి. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అధ్యాపకులైరి. మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములలో బోధించిరి. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. 1962లో రాష్ట్రపతి అయినారు. అందరు పిల్లలును రాష్ట్రపతులగుదురని మేము చెప్పుట లేదు. తనకు ఏది తగునో తెలిసికొను వ్యవధి పిల్లకు కాలేజీలో దొరకును. పదిహేడేండ్లకే పనిలో కూర్చున్న వారికి ఆ వ్యవధి దొరకదు. మాకు దొరకలేదు.

1948–49లో స్వతంత్ర భారతపు విశ్వవిద్యాలయ విద్యా కమిషనునకు ఆయనయే అధ్యక్షులు. పండ్రెండేండ్ల బడిచదువు ముగిసిన పిదపనే విశ్వవిద్యాలయములో చేర్చుకొనవలెనని ఆ కమిషను సూచించినది. తమిళనాట పన్నెండవ తరగతి 1978లో హైస్కూళ్ళకు వచ్చినది. కాలేజీకి పోజాలని వారికి వృత్తివిద్యాలయములు విరివిగా పెట్టవలెనని కూడా ఆ కమిషను చెప్పినది. ఇది మగ్గముల ఊరివారు గమనింపవలెను. సేలములో 1960 నుండి చేనేత సాంకేతిక విద్యాలయము కలదు. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరిట మరియొకటి కలదు. మగ్గము నమ్మినవారికిని పైచదువున్నది. కాలేజీ చదివినంతమాత్రాన మగ్గమును చిన్నచూపు చూడనక్కర లేదు.

మన సీమకు మరొక చిక్కు కలదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాతో అందులో చేరినది. పటాస్కర్ గారి తీర్పును అనుసరించి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. అంతవరకు తిరుపతి మన రాష్ట్రపు కాలేజీ ఊరు. ఆ పిమ్మట సరిహద్దు అడ్డము వచ్చినది. బడిలో ఒక భాష, ఇంట ఒక భాష, పరీక్షకు మరొకటి అను ఇబ్బంది మన పిల్లలకు నేటికిని ఉన్నది. హైస్కూలుతో నిలిచిన పిల్లకు ఆ ఇబ్బంది మాత్రమే మిగులును. ముందుకు సాగిన పిల్లకు ఆ మూడు భాషలును ఆస్తి యగును.

ఇప్పుడు దారి వెనుకటియంత దూరము కాదు. తిరుత్తణిలోనే సుబ్రహ్మణ్యస్వామి పేరిట ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ కలదు. ప్రభుత్వ పాఠశాలలలో ఆరు నుండి పన్నెండు వరకు చదివి పైచదువునకు పోవు ఆడపిల్లలకు నెలకు 1000 రూపాయలు ఇచ్చు "పుదుమై పెణ్" పథకము 2022లో తమిళనాట ఆరంభమైనది. ఆరంభించిన దినము సెప్టెంబరు 5. తిరుత్తణి బిడ్డ పుట్టిన దినమే. ఉద్యోగము కాలేజీ వెంటనే వచ్చునని ఎవరును మాట ఇయ్యజాలరు. కాని వచ్చిన ఉద్యోగపు తలుపు దగ్గర అర్హత లేదని వెనుకకు తిరుగు బాధ తప్పును.

మా మేనకోడలు మంచి మార్కులతోనే ప్యాసైనది. ఈ యేడంతయు ఇంట కండెలు చుట్టుచున్నది. ఆనాడు మేము నోరు మెదపకపోవుటవలన ఆ పిల్లకు ఒక సంవత్సరము పోయినది. మార్కుల పత్రము మాత్రము ఎక్కడికిని పోలేదు. జూనులో కాలేజీలు తిరిగి తెరతురు.

బావా, మీ ప్రశ్నకు ఇదే మా జవాబు. మాకు తక్కువైనదేమో మాకు తెలియును. ఆ తక్కువ మీ బిడ్డకు వద్దు. ఈ సంచిక మీకు పంపుచున్నాము. దరఖాస్తు నింపుటకు మేమే సెలవు పెట్టి వచ్చెదము. చదువరులైన సోదర సోదరీమణులు కూడ తమ ఇండ్లలో ఇట్టి పిల్ల యుండినచో ఈ ఉగాదినాడే ఆలోచింతురు గాక!