భిలాయి పరిసరాల్లో క్రైస్తవ త్యాగప్రేమ: ఒక చరిత్ర

భారత, సోవియట్ ప్రభుత్వాలు 1955 ఫిబ్రవరి 2న కుదుర్చుకున్న ఒప్పందంతో దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించేనాటికి దాని పక్కనే ఒక కొత్త పట్టణం రూపు దిద్దుకుంటోంది. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగువారిలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. అయితే క్రీస్తు సిలువ మరణాన్ని నమూనాగా తీసుకొని, విశ్వాసి అయిన పురుషుడు తన సుఖాన్నీ ఆరోగ్యాన్నీ అవసరమైతే ప్రాణాన్నీ ఇతరుల కోసం ధారపోయాలన్న ఆదర్శం ఛత్తీస్‌గఢ్ నేలకు కర్మాగారంతో వచ్చినది కాదు; అది అంతకు దాదాపు 90 ఏళ్ల ముందునుంచే అక్కడ ఉంది, దాని చరిత్ర ప్రశంసతో పాటు విమర్శనూ కోరుతుంది.

సైలీషియాలో పుట్టిన జర్మన్ ఆస్కర్ లోర్, 1857 తిరుగుబాటు కాలంలో ఛోటానాగపూర్‌లోని మిషన్ పని వదిలి అమెరికా చేరి, అక్కడి జర్మన్ ఇవాంజెలికల్ సంఘం పంపగా 1868లో మళ్లీ ఈ దేశానికి వచ్చాడు. రాయపూర్‌కు ఉత్తరాన బిశ్రాంపూర్ అనే గ్రామాన్ని నెలకొల్పి, గురు ఘాసీదాస్ బోధలతో విగ్రహారాధన విడిచిన సత్నామీల మధ్య పని మొదలుపెట్టాడు. 1870లో తొలి బాప్తిస్మాలు జరగగానే, మొదట అతన్ని ఆదరించిన సత్నామీలు వెనక్కి తగ్గారు. వైద్యం కొంత తెలిసిన లోర్ ఆ నిరాశతో తిరిగి వెళ్లిపోకుండా రోగులకు మందులిస్తూ, బడులు నడుపుతూ 1907లో మరణించేదాకా ఛత్తీస్‌గఢ్‌నే అంటిపెట్టుకొని ఉన్నాడు. ఈ ప్రాంతంలో త్యాగప్రేమకు అసలు కొలత ఒక్కసారి ప్రాణం ఇవ్వడం కాక, ఫలితం కనిపించని చోట ఏళ్ల తరబడి ఉండిపోవడం.

1896–97, 1899–1900 కరువులు ఈ కొలతను మరింత కఠినం చేశాయి. 1899లో వచ్చిన అమెరికన్ మెనొనైట్లు (యుద్ధాన్నీ ఆయుధాన్నీ తిరస్కరించే శాంతివాద క్రైస్తవ శాఖ వారు) ధమ్తరీలో స్థిరపడి కరువు సహాయంతోనే పని ఆరంభించారు. 1910లో అక్కడ ఆసుపత్రి ఏర్పడింది. మరో మెనొనైట్ శాఖకు చెందిన పి.ఎ. పెన్నర్ 1900లో భారతదేశానికి వచ్చి, చాంపాలో కుష్ఠురోగుల ఆశ్రమాన్ని స్థాపించాడు. దీనికి ముందే, 1897లో, బైతల్‌పూర్ వద్ద చాంద్‌ఖురీ ఆశ్రమం మొదలైంది.

కుష్ఠు ఆశ్రమాల చరిత్రే ఈ ఆదర్శానికి అతి స్పష్టమైన పరీక్ష. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో రోగకారక సూక్ష్మజీవిని గుర్తించినా, 1940ల్లో సల్ఫోన్ మందులు వచ్చేవరకూ నమ్మదగిన చికిత్స లేదు. చాల్‌మోగ్రా నూనెను బాధాకరమైన సూదులతో ఎక్కించడం, పుండ్లు కడగడం, కట్లు కట్టడం, వేళకు అన్నం పెట్టడం, ఊరు తాకని శరీరాన్ని తాకడం మాత్రమే సాధ్యమయ్యేవి. హవాయిలోని మొలొకై ద్వీపంలో కుష్ఠురోగులకు సేవ చేస్తూ ఈ వ్యాధితోనే 1889లో మరణించిన ఫాదర్ డేమియన్ ఉదంతం ప్రపంచమంతా ప్రచారంలో ఉన్న కాలం కనుక, ఈ పనిలోకి దిగిన పురుషులకు దాని ప్రమాదం తెలిసే ఉంటుంది. అయినా రోగం తమకు సోకకపోవడం, ప్రశంస దక్కకపోవడం, పని మాత్రం ఎప్పటికీ ముగియకపోవడమే వారిలో ఎక్కువమంది అనుభవం. నివేదికల్లో మిషనరీ పేరు మిగిలింది కానీ, రోజూ పుండ్లు కడిగిన స్థానిక కాంపౌండర్ పేరు చాలాసార్లు మిగల్లేదు. స్త్రీల సంగతీ అంతే. జాంజ్‌గీర్‌లో బాలికల పాఠశాల ప్రారంభించిన ఆనీ ఫంక్ పేరు నేడు వినిపించేది, 1912లో టైటానిక్ మునకలో ఆమె మరణించినందువల్లే.

ఈ ప్రేమ అధికారంతో ముడిపడి ఉందన్న సంగతిని దాచడం చరిత్రకు న్యాయం కాదు. బిశ్రాంపూర్‌లో మిషన్ మాల్‌గుజారు కూడా. అంటే శిస్తు వసూలు చేసే గ్రామ యజమాని. కరువులో అన్నం పెట్టిన చేయి, బాప్తిస్మం ఇచ్చిన చేయి ఒకటే కావడంతో, విశ్వాసానికీ ఆకలికీ మధ్య గీత ఎక్కడ ఉందో చెప్పడం నాటివారికే కష్టమైంది. ఆ కాలపు కుష్ఠు ఆశ్రమాల్లో స్త్రీపురుషులను, తల్లిదండ్రుల నుంచి ఆరోగ్యవంతులైన పిల్లలను వేరుగా ఉంచే నియమం దయ పేరుతోనే కుటుంబాలను విడదీసింది. ఛత్తీస్‌గఢ్ అప్పట్లో భాగంగా ఉన్న మధ్యప్రదేశ్ ప్రభుత్వం నియమించిన నియోగి కమిటీ 1956లో మిషనరీలపై తీవ్ర విమర్శలతో నివేదిక ఇచ్చింది. తానే కుష్ఠురోగి అయిన సదాశివ గోవింద కాత్రే మిషన్ ఆశ్రమాల మతప్రచారాన్ని నిరసించి, 1962లో చాంపాలోనే భారతీయ కుష్ఠ నివారక సంఘాన్ని స్థాపించాడు. అదే సేవను అదే ఊళ్లో మరో విశ్వాసం చేపట్టింది.

భిలాయికి చేరిన తెలుగు క్రైస్తవుల వెనుక వేరొక సంప్రదాయం ఉంది. కోస్తాలో కెనడియన్ బాప్టిస్టు మిషన్‌కు బీజం వేసింది విదేశీయుడు కాదు. తంతి శాఖ ఉద్యోగం వదులుకొని కాకినాడలో తన సొమ్ముతో, అప్పులతో సంఘాన్ని నడిపిన థామస్ గాబ్రియేల్. ఆయన పిలుపుపై కెనడియన్ మిషనరీ మెక్లారిన్ 1874లో కాకినాడ చేరిన ఏడాది లోపే, 1875 జనవరి 1న, గాబ్రియేల్ మరణించాడు. ఆయన జీతాన్ని వదులుకుంటే, తర్వాతి తరాల బాధ్యతకు ఆ జీతమే ఆధారమైంది. కర్మాగారపు కార్మికుడికి ఉద్యోగం నిలుపుకోవడమే, సొంత ఊరికి డబ్బు పంపడమే, ఇంటిల్లిపాదినీ పోషించడమే త్యాగానికి రూపం. భార్యను క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్లు ప్రేమించాలన్న ఎఫెసీయుల పత్రిక బోధ, మూడు షిఫ్టుల జీవితంలో, ఆదివారమైనా ఆగని ఫర్నేస్ ముందు కొత్త అర్థం తెచ్చుకుంది. పైగా క్వార్టర్లు, బడులు, సెక్టార్ 9 ఆసుపత్రి కంపెనీయే ఇవ్వడంతో, ఒకప్పుడు మిషన్ చేసిన పనిలో చాలా భాగం ప్రభుత్వరంగ సంస్థ చేతికి వెళ్లింది.

ఆ సదుపాయాలకు వెలుపల మిగిలినవారు కాంట్రాక్టు కార్మికులు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరా గనుల్లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన పనిచేసిన సంఘం 1983లో తన చందాలతో, తన శ్రమతో షహీద్ ఆసుపత్రిని కట్టుకుంది; నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో కాల్చి చంపారు. ఆ ఆసుపత్రిలో పనిచేసిన వైద్యుల్లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి, హోషంగాబాద్ దగ్గర క్వేకర్ల గ్రామీణ కేంద్రంలో పనిచేసి వచ్చిన వినాయక్ సేన్ ఒకరు. అంటే మిషన్ల నుంచి వచ్చిన వైద్యశిక్షణ ఇక్కడ దాతల డబ్బుతో నడిచే చోట కాక, రోగులే యజమానులైన సంస్థలో ఉపయోగపడింది.