కాకినాడ వర్తకులకు యూసుఫ్‌గూడ పాఠం

హైదరాబాద్‌లో అమీర్‌పేట అనగానే మైత్రీవనం చుట్టూ వేలాడే కోచింగ్ బోర్డులే కళ్లముందు మెదులుతాయి. ఆ కంప్యూటర్ కోర్సులు రాకముందే ఈ చుట్టుపక్కల ఇంకో చదువు సాగింది. మనిషి ఎందుకు మనసుపెట్టి పని చేస్తాడు, ఎందుకు చెయ్యడు అన్నది అందులో సిలబస్.

పంజగుట్టకు కూతవేటు దూరంలో, రాజ్‌భవన్ రోడ్డు మీద బెల్లా విస్టా భవనం ఉంది. ఒకప్పుడు నిజాం పెద్దకొడుకు, బేరార్ యువరాజు నివాసం. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి అదే చిరునామా అయింది. సైన్యాధిపతిగా పనిచేసిన జనరల్ శ్రీనాగేశ్ మొదటి రోజుల్లో దానికి ప్రిన్సిపాల్. ఇంగ్లండులోని హెన్లీ కాలేజీ పద్ధతిలో, తలపండిన అధికారులే చిన్న బృందాలుగా కూర్చుని వాదించుకునేవారు. ఆఫీసులో ఎదురుమాట వినని దొరలకు ఆ కుర్చీలు కాస్త ఇరుకుగానే ఉండి ఉంటాయి.

మనసుపెట్టి పని చెయ్యడం అన్న ప్రశ్నను నేరుగా పట్టుకున్నది మాత్రం అమీర్‌పేటకు అవతల, యూసుఫ్‌గూడలో అప్పట్లో సియెట్ అని పిలిచిన సంస్థ. చిన్న పరిశ్రమల శిక్షణ కోసం పెట్టిన ఈ సంస్థ 1962లో ఢిల్లీ నుంచి ఇక్కడికి తరలివచ్చింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ పూనికతో కాకినాడ నుంచి 52 మంది వ్యాపారస్తులు బృందాలుగా ఇక్కడికొచ్చి శిక్షణ పొందారు. బొమ్మ చూపించి కథ రాయమంటే రాశారు. సాధించాలన్న తపన ఎంతుందో ఆ కథల్లో వెతికారు. మేకుకు రింగు విసిరే ఆట కూడా ఉండేది. మరీ దగ్గర నిలబడితే పస లేదు, మరీ దూరమైతే అదృష్టమే దిక్కు. తన సత్తా ఎరిగినవాడు నడిమి దూరం ఎంచుకుంటాడు.

పోల్చడానికి శిక్షణ లేని రాజమండ్రి వర్తకులను ఎంచుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ 1969లో ఫలితాలు పుస్తకంగా వేశాడు. శిక్షణ పొందినవారు పెట్టుబడుల్లో, కొత్త పనుల్లో ముందుకు దూకారు. పాత నమ్మకాలేవీ వాళ్లకు అడ్డురాలేదు.

అసలు విషయం వేరే ఉంది. దుకాణం పగ్గాలు తమ చేతిలో ఉన్నవాళ్లే ఎక్కువ మారారు. నిర్ణయాధికారం లేనివాళ్లలో ఆ ఊపు పెద్దగా కనిపించలేదు. సంతకం చేసే హక్కు తమ దగ్గరే అట్టిపెట్టుకుని సిబ్బందిని మోటివేషన్ క్లాసులకు తోలే మేనేజర్లు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాలి.

ఈ చదువు యూసుఫ్‌గూడతోనే ఆగలేదు. సియెట్‌లో పనిచేసిన ఉదయ్ పారీక్, తర్వాత టి.వి. రావుతో కలిసి 1975లో ఎల్ అండ్ టీ కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి విభాగాన్ని రూపొందించాడు. దేశంలో ఆ పేరుతో వచ్చిన తొలి విభాగాల్లో అదొకటి.