కంప్యూటరు ఎక్కడ ఆగింది?



రాయ్‌పూర్ ఎండల సంగతి అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అలాంటి ఒక రోజున మీ ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటరు బటన్ నొక్కారనుకోండి. ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. "మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే" అన్నారు ఎవరో. లోపల అక్క ప్రాజెక్టు రిపోర్టు ఉంది, నాన్నగారి దుకాణం లెక్కలున్నాయి. ఆ మాట నమ్మాలా? నమ్మేముందు ఒక ప్రశ్న వేయాలి: యంత్రం ఎంతవరకు వచ్చి ఆగింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే జ్ఞానం ఒకప్పుడు కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. అది మన దాకా ఎలా వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మనిషి లేపితే లేచే యంత్రం

కంప్యూటరు పనిచేయాలంటే మెమరీలో ప్రోగ్రాము ఉండాలి. ప్రోగ్రామును మెమరీలోకి తేవాలంటే మరో ప్రోగ్రాము కావాలి. మరి మొదటిదాన్ని ఎవరు తెస్తారు? 1960లలోని అనేక చిన్న కంప్యూటర్లలో ఈ పని మనిషే చేసేవాడు. ముందు పలకపై ఉన్న స్విచ్‌లను ఒక్కొక్కటిగా పైకీ కిందికీ వేసి, కొన్ని ఆదేశాలను మెమరీలో పెట్టేవాడు. అవి మిగతా ప్రోగ్రామును కాగితపు టేపు నుంచి చదివేవి. తన బూటు పట్టీలను తానే పట్టుకుని పైకి లేవడంలాంటి ఈ పనికి 'బూట్‌స్ట్రాప్' అని పేరు పెట్టారు. మనం వాడే 'బూట్' అనే మాట దాని నుంచే వచ్చింది.

మరమ్మతు ఎవరి చేతిలో?

మన దేశంలో 1970ల వరకు పెద్ద కంప్యూటర్లలో చాలాభాగం ఐబీఎం కంపెనీవే. వాటి మరమ్మతు కూడా ఆ కంపెనీ ఇంజనీర్లదే. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం ఇక్కడి సంస్థలో తన వాటాను తగ్గించుకోవడానికి ఇష్టపడక, ఐబీఎం 1978లో భారతదేశం నుంచి వెళ్లిపోయింది. యంత్రాలు ఇక్కడే ఉండిపోయాయి. అవి ఆగిపోతే లేపేదెవరు? ఆ బాధ్యతను ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ తీసుకుంది. 'కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్' అన్న దాని అసలు పేరులోనే మరమ్మతు ఉంది. యంత్రాన్ని కొన్నంత మాత్రాన దానిని బాగుచేసే జ్ఞానం వెంట రాదని, దాన్ని వేరుగా సంపాదించుకోవాలని దేశానికి తెలిసివచ్చిన సందర్భమిది.

తనను తాను పరీక్షించుకునే యంత్రం

1981 ఆగస్టు 12న అదే ఐబీఎం అమెరికాలో తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. అందులో స్విచ్‌లు వేసే పనిని చెరిగిపోని మెమరీలో రాసిన 'బయోస్' అనే ప్రోగ్రాము చూసుకునేది. విద్యుత్తు అందగానే అది ముందుగా యంత్రంలోని భాగాలను వరుసగా పరీక్షించేది. దీన్నే 'పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్' అంటారు. అంతా బాగుంటే ఒక చిన్న బీప్ వినిపించేది. తెరకు బొమ్మ పంపే కార్డులో లోపముంటే ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లు. తెర వెలగకపోయినా యంత్రం తన జబ్బు చెప్పుకోగలిగిందన్నమాట.

మరో విశేషం ఉంది. సర్క్యూట్ చిత్రాలను, బయోస్ ఆదేశాల పూర్తి పాఠాన్ని ఐబీఎం తన సాంకేతిక గ్రంథంలో అచ్చువేసి అమ్మింది. ఇతర కంపెనీలు ఆ నమూనాతో పొసగే యంత్రాలు తయారుచేశాయి. విడిభాగాలు ఒకదానిలోవి మరొకదానిలో అమరడం మొదలైంది. వీధి మలుపులోని చిన్న దుకాణంలో కూడా కంప్యూటరు బాగుచేయడం అందువల్లనే సాధ్యమైంది.

వరుసగా వెతకండి

ఇప్పుడు మీ ఇంటి కంప్యూటరు దగ్గరకు వద్దాం. మొదటి మెట్టు విద్యుత్తు. గోడలోని 230 వోల్టులను పవర్ సప్లై పెట్టె 12, 5, 3.3 వోల్టులుగా మారుస్తుంది. అవి నిలకడగా ఉన్నాయని అది సంకేతం పంపేదాకా ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. కాబట్టి ఫ్యాను తిరిగినంత మాత్రాన విద్యుత్తు సరిగా ఉందని అనుకోకూడదు.

రెండో మెట్టు మెమరీ. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లారే చోట లోహపు అతుకులు కొద్దికొద్దిగా కదులుతాయి, దుమ్ము చేరుతుంది. ప్లగ్ తీసేసి, ర్యామ్‌ను ఊడదీసి, దాని అంచులను శుభ్రం చేసి మళ్లీ గట్టిగా అమర్చితే చాలాసార్లు తెర వెలుగుతుంది.

మూడోది మదర్‌బోర్డుపై నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. పైభాగం ఉబ్బి కనిపిస్తే వాటిని అనుమానించవచ్చు. తేదీ మాటిమాటికీ వెనక్కి పోతుంటే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ మార్చాలి. ఇవన్నీ దాటి, తెరపై అక్షరాలు కనిపించాక ఆగితే హార్డ్ డిస్క్‌నో, అందులోని సాఫ్ట్‌వేర్‌నో చూడాలి.

బయోసే చెరిగిపోతే?

1990లలో బయోస్‌ను తిరిగి రాయగల చిప్పులలో ఉంచసాగారు. సౌకర్యంతో పాటు ప్రమాదమూ వచ్చింది. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హావ్ రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న ఎన్నో దేశాల్లో హార్డ్ డిస్క్‌ల మొదటి భాగాన్ని, కొన్ని యంత్రాల్లో బయోస్‌ను కూడా చెరిపేసింది. ఏ భాగమూ కాలిపోలేదు, అయినా యంత్రం లేవలేదు. ఆ చిప్పులో బయోస్‌ను తిరిగి రాస్తే మళ్లీ లేచింది. మదర్‌బోర్డు 'పోయింది' అన్న మాట అన్నిసార్లూ నిజం కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. నేటి కంప్యూటర్లలో బయోస్ స్థానంలోకి యూఈఎఫ్ఐ వచ్చింది. అయినా విద్యుత్తు, స్వీయపరీక్ష, డిస్క్ అనే వరుస మారలేదు.

రెండు జాగ్రత్తలు మరచిపోకండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు "మీరు ఫార్మాట్ చేసే ముందు నన్ను అడగండి" అని గట్టిగా చెప్పండి. తెర వెలగకపోయినా హార్డ్ డిస్క్‌లోని అక్క రిపోర్టు, నాన్నగారి లెక్కలు భద్రంగా ఉండవచ్చు. ఆ డిస్క్‌ను మరో కంప్యూటరుకు తగిలించి చూడమనండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో కూడా ఆయననే అడగండి. పని తెలిసిన మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు.