చెన్నపట్నం బొమ్మ గోడమీదికా, పుస్తకంలోనా?

ఈమధ్య చాలామంది ఇళ్ళల్లో ముందుగదిలో పాత పట్నాల బొమ్మలు కనిపిస్తున్నాయి. కోటలు, తెల్లటి స్తంభాల మేడలు, అలలమీద పడవలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. ఎక్కడిదండీ అని అడిగితే "కొట్లో కొన్నాం" అంటారు. మరి కొట్టుకి ఎక్కడినుంచి వచ్చింది? అది నిజంగా పాతదే అయితే చాలాసార్లు ఏదో ఒక పుస్తకంలోంచి ఊడదీసిన కాగితం అయి ఉంటుంది. ఆ పుస్తకాల కథ మనం తెలుసుకోవాల్సిందే.

వీటిలో పెద్ద పేరున్నది థామస్ డేనియల్, విలియం డేనియల్‌లు వేసిన "ఓరియంటల్ సీనరీ". వాళ్ళిద్దరూ బాబాయీ, అన్నకొడుకూ. 1786లో కలకత్తాలో దిగేనాటికి విలియం ఇంకా కుర్రాడే. ముందు కలకత్తా వీధుల బొమ్మలు పన్నెండు అచ్చువేసి అమ్మారు. తర్వాత ఉత్తరాదంతా తిరిగారు. 1792లో మద్రాసుకి వచ్చి, అక్కడినుంచి మధుర మీదుగా దక్షిణాది చూశారు. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక 1795 నుంచి 1808 వరకూ పదమూడేళ్ళు కూర్చుని 144 బొమ్మలు అచ్చువేశారు.

ఆ అచ్చు పని వింటే మనకి ముగ్గు గుర్తొస్తుంది. రాగిరేకు మీద గుగ్గిలం లాంటి పొడి సన్నగా జల్లి, వేడిచేసి అతుక్కునేలా చేస్తారు. దాన్ని యాసిడ్‌లో ముంచితే పొడి రేణువుల మధ్య ఉన్న రాగి మాత్రం కరుగుతుంది. ఎంతసేపు ఉంచితే నీడ అంత చిక్కన. దీన్నే ఆక్వాటింట్ అంటారు. అచ్చు తీశాక ఒక్కో కాగితానికీ చేత్తో రంగులు వేసేవాళ్ళు. అందుకే పూర్తి సెట్టు ధర 210 పౌన్లు. అప్పట్లో అది సామాన్యుడు కలలో కూడా కొనలేని మొత్తం.

కొనలేనివాళ్ళ ఇళ్ళకి ఈ బొమ్మలు వేరే దారిలో చేరాయి. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది. లివర్‌పూల్‌లోని హెర్క్యులేనియం అనే పింగాణీ కార్ఖానా మధుర కోట బొమ్మని నీలిరంగులో అన్నం తినే ప్లేట్ల మీద అచ్చువేసింది. 1807లో ఫ్రాన్సులో జూబెర్ కంపెనీ ఈ బొమ్మల ఆధారంగా "హిందుస్తాన్" పేరుతో గోడకి అతికించే కాగితం తయారుచేసింది. మన దేశాన్ని ఎన్నడూ చూడని ఇల్లాళ్ళు మన గోపురాల మీద కూరలు వడ్డించుకున్నారన్నమాట! అంటే పుస్తకంలోంచి బొమ్మని విడదీసి ఇంటి అలంకారం చేసుకోవడం ఇవాళ పుట్టింది కాదు.

ఇప్పుడు మద్రాసు బొమ్మల సంగతికి వద్దాం. ఒకదాంట్లో సముద్రం మీదనుంచి సెయింట్ జార్జి కోట కనిపిస్తుంది. అప్పటికి అక్కడ రేవు కట్టలేదు. ఓడలు దూరంగా ఆగితే, మసూలా పడవల్లో మనుషుల్నీ సామాన్లనీ ఒడ్డుకి చేర్చేవాళ్ళు. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరితాళ్ళతో కుట్టిన పడవలవి, కాబట్టే అలల దెబ్బకి విరిగిపోకుండా వంగేవి. ఇంకొక బొమ్మలో అడయారు నది మీద ఆర్మీనియన్ వంతెన ఉంటుంది. ఖోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియన్ వర్తకుడు 1726లో కట్టించాడు. ఇవాళ సైదాపేటలో ఆ పాత వంతెన లేదు. బొమ్మ ఉంది. ఈ పుస్తకాల విలువ అదీ.

అయితే వాటిలో లేనిదేమిటో కూడా చూసుకోవాలి. కోటకి పక్కనున్న బ్లాక్‌టౌన్‌నే 1906 తర్వాత జార్జిటౌన్ అన్నారు. తెలుగు వర్తకులూ, దుబాసీలూ నివసించిన పేట అది. దాని బొమ్మ కూడా ఈ పుస్తకంలో ఉంది, కానీ బయటినుంచి చూసిన చూపే. ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎక్కడ, బావి ఎక్కడ, ఆడవాళ్ళు ఏ వేళకి లేచేవాళ్ళు అన్నది చిత్రకారుడికి తెలిసే దారి లేదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. కొనేవాళ్ళు దొరలు. వాళ్ళకి తమ మేడలు, తమ కోట, పక్కన అందంగా శిథిలమైన గుడి కావాలి.

ఆ లోటు తీర్చే పుస్తకం మన తెలుగులోనే ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారి "కాశీయాత్ర చరిత్ర". 1830లో మద్రాసులో బయల్దేరి హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్ళి, కలకత్తా చూసుకుని, 1831లో తిరిగొచ్చారు. దారిలో ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అన్నీ రాశారు. కుటుంబాన్ని వెంటబెట్టుకుని బయల్దేరిన మనిషికి కావాల్సిన వివరాలవి. ఒక్క బొమ్మ లేదు, అయినా ఊరు కళ్ళకి కడుతుంది. డేనియల్‌ల బొమ్మని ఒక పక్క, వీరాస్వామయ్యగారి మాటని ఒక పక్క పెట్టుకుంటేనే ఆనాటి పట్నం మనకి సగమైనా తెలుస్తుంది.

అందుకే పుస్తకాన్ని చింపడం నాకు బాధగా ఉంటుంది. వర్తకుడి లెక్క సులువు. పుస్తకం మొత్తంగా కొనే మనిషి ఒక్కడు దొరకడం కష్టం, విడి బొమ్మ కొనేవాళ్ళు వందమంది. దాంతో విప్పేసి ఒక్కోటీ అమ్ముతారు. అందమైన కోట బొమ్మ ముందు పోతుంది, బ్లాక్‌టౌన్ లాంటివి వెనకబడతాయి. బొమ్మతోబాటు వచ్చిన వివరణ కాగితాలు ఎవరికీ పట్టవు. ఏ బొమ్మ పక్కన ఏది పెట్టారు, దేని గురించి ఏం రాశారు అన్నది పోతే మిగిలేది అలంకారమే. అంటుకట్టిన కొమ్మ బతుకుతుంది గానీ చింపిన బొమ్మని మళ్ళీ పుస్తకం చెయ్యలేం.

మన బడ్జెట్‌లో డేనియల్ సెట్టు రాదు, ఆ ఆశ వద్దు. కానీ సేకరించాలన్న సరదా ఉంటే దారులున్నాయి. మోర్టిమర్ మెంపిస్ రంగుల బొమ్మలకి ఫ్లోరా ఆనీ స్టీల్ అనే ఆవిడ మాటలు రాసిన 1905 నాటి "ఇండియా" లాంటి పుస్తకాలు, పాత గైడు పుస్తకాలు, పోస్టుకార్డుల ఆల్బమ్‌లు వెతికితే దొరుకుతాయి. హైదరాబాదులో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓపిగ్గా తిరగండి. అసలు డేనియల్ బొమ్మల్ని చూడాలంటే కలకత్తా విక్టోరియా మెమోరియల్‌కి వెళ్ళండి.

కొనేముందు భూతద్దం పట్టుకెళ్ళండి. వరసగా చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే అది ఈ కాలపు అచ్చు. ఆక్వాటింట్ అయితే ఇసక రేణువుల్లా, ఒక పద్ధతి లేకుండా కనిపిస్తుంది. బొమ్మ చుట్టూ రాగిరేకు నొక్కిన గుర్తు ఉంటుంది, అంచులు కోసెయ్యకపోతే. కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కొన్నిట్లో తయారీదారు పేరు, సంవత్సరం కనిపిస్తాయి.

ఇంటికి తెచ్చాక పడుకోబెట్టి ఉంచండి. ఎండ తగలనివ్వకండి, చేత్తో వేసిన రంగులు వెలిసిపోతాయి. చినిగినచోట సెలోటేప్ వేస్తే కొన్నాళ్ళకి పసుపుపచ్చటి మరక మిగులుతుంది, అసలు వెయ్యొద్దు. వానాకాలం వెళ్ళాక ఒకసారి పొడిబట్టతో అలమర తుడిచి, పేజీలు తిప్పి పురుగు పట్టిందేమో చూసుకోండి. వంటింట్లోంచి సరాసరి వచ్చి తడిచేత్తో ముట్టుకోకండి. ఈ మాట ఇంట్లో మగవాళ్ళకీ చెప్పండి, వాళ్ళ కాఫీ కప్పులు పుస్తకాల మీదే వాలుతుంటాయి!

గోడకి బొమ్మ కావాలంటే మంచి ఫోటోకాపీ తీయించి ఫ్రేము కట్టించుకోండి. దూరంనుంచి ఎవరికీ తేడా తెలియదు. పిల్లలు వచ్చి "ఇదెక్కడమ్మా" అని అడిగినప్పుడు మాత్రం అసలు పుస్తకం తీసి, ముందు పేజీనుంచి చూపించండి.