కంట్రోల్ చార్ట్

తయారీలో వచ్చే హెచ్చుతగ్గులు మామూలువేనా, వాటి వెనక ప్రత్యేక కారణం ఏదైనా ఉందా అని పట్టిచ్చే గ్రాఫు. నియంత్రణ పటం అనీ అంటారు. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే అమెరికన్ కంపెనీ వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తుండగా వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న పై అధికారికి రాసిన చిన్న మెమోలో దీన్ని మొదటిసారి గీసి చూపాడు.

అరలీటరు పాల ప్యాకెట్లు నింపే యంత్రాన్నే తీసుకుందాం. గంటకోసారి వరసగా ఐదు ప్యాకెట్లు తూచి, వాటి సగటును చార్టుపై చుక్కగా పెడతారు. మధ్యలో మొత్తం సగటు గీత. దానికి పైనా కిందా, ఆ సగటుల ప్రామాణిక విచలనానికి మూడు రెట్ల దూరంలో హద్దు గీతలు. అంతా సవ్యంగా ఉంటే చుక్క హద్దు దాటే అవకాశం వెయ్యికి దాదాపు 3. అందుకే దాటిందంటే నాజిల్ అరిగిందా, వాల్వు పట్టేసిందా అని చూడాల్సిందే. హద్దుల్లోనే ఉన్నా, వరసగా 8 చుక్కలు మధ్యగీతకు ఒకే పక్కన పడితే అదీ అనుమానించదగ్గదే. చుక్క కాస్త కదిలినప్పుడల్లా యంత్రాన్ని సర్దే ఆపరేటరు మాత్రం తేడాను తగ్గించడు, పెంచుతాడు.

హద్దులు యంత్రం ఇచ్చిన కొలతల నుంచే రావాలి. వాటి చోట కొనుగోలుదారు పెట్టిన పరిమితులు గీస్తే అది కంట్రోల్ చార్టే కాదు.

భారతీయ గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానంపై ఈ చార్టు సృష్టికర్త షూహార్ట్ 1947-48లో భారతదేశానికి వచ్చాడు.